పద్దెనిమిది తొమ్మిదులు: ప్రాక్టికల్స్ దిద్దే లెక్కల లెక్చరర్లకు ఒక బహిరంగ లేఖ

ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల డిగ్రీ కాలేజీల్లో గణితం ప్రాక్టికల్స్ దిద్దే సార్లకు, మేడమ్‌లకు నమస్తే.

నేనూ మీలో ఒకణ్నే. నల్గొండ దగ్గర ఒక కాలేజీలో లెక్కలు చెబుతా, పరీక్షల సీజన్ వచ్చిందంటే మీలాగే పొద్దున్నే బస్సెక్కి వేరే కాలేజీలకు ఎక్స్‌టర్నల్‌గా పోయి, వాళ్లిచ్చిన చాయ్ తాగి, రికార్డులు తిరగేసి, సంతకాలు పెట్టి చీకటి పడ్డాక ఇంటికొస్తా. కాబట్టి ఈ లేఖలో తిట్లేమైనా కనిపిస్తే సగం నాకే అనుకోండి. నిజానికి సగం కంటే ఎక్కువే.

ఈసారి నంబర్ థియరీ ల్యాబ్ పరీక్షకు మా దగ్గర నేను ఇంటర్నల్‌ని. ఎక్స్‌టర్నల్ ఎవరో, ఏ రోజో రాయను, అది ఇక్కడ అనవసరం. ప్రశ్న ఇది: 999999999999999999 పరిపూర్ణ వర్గమా కాదా, ప్రోగ్రామ్ రాసి తేల్చండి. మీరు లెక్కపెట్టుకోవాల్సిన పని లేదు, పద్దెనిమిది తొమ్మిదులు. దీనికి ల్యాబ్ మాన్యువల్‌లో పైథాన్ ప్రోగ్రామ్ నాలుగు లైన్లది ఉంది, మీ మాన్యువల్‌లోనూ ఇలాంటిదే ఉండే ఉంటుంది: సంఖ్య తీసుకో, వర్గమూలం కట్టు, దశాంశ బిందువు తర్వాత సున్నా తప్ప ఏమీ లేకపోతే 'వర్గమే' అని ప్రింట్ చెయ్యి. దేవరకొండ వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి అదే కొట్టింది. స్క్రీన్ మీద 'వర్గమే' అని వచ్చింది, కింద వర్గమూలం 1000000000.0 అని చూపించింది. పక్కన కూర్చున్న వాళ్లందరికీ అదే వచ్చింది, అందరూ దించేసుకున్నారు. ఈ అమ్మాయి మాత్రం చెయ్యెత్తింది.

"సార్, ఇది తప్పు చూపిస్తుంది. ఏం రాయమంటరు?"

నేనేమన్నానో తెలుసా? "టైమ్ అయిపోతుంది బిడ్డా, ముందు అవుట్‌పుట్ రాయి."

రాసింది. దాని కింద ఇంకో మూడు లైన్లు కూడా రాసింది: ఈ సంఖ్య చివర 99 ఉంది కాబట్టి 4తో భాగిస్తే శేషం 3, ఏ వర్గాన్ని 4తో భాగించినా శేషం 0 గానీ 1 గానీ వస్తుంది తప్ప 3 రాదు, కాబట్టి ఇది వర్గం కాదు, ప్రోగ్రామ్ తప్పు చెబుతోంది. కీలో మాత్రం 'వర్గమే' అని ఉంది, ఎందుకంటే కీ తయారు చేసినవాళ్లు కూడా ఆ నాలుగు లైన్లే నడిపి చూశారు. ఆమెకు పదికి నాలుగు పడ్డాయి, పక్కన ఎర్ర పెన్నుతో 'ఫలితం సరిపోలేదు'. స్క్రీన్ చూసి దించుకున్న వాళ్లందరికీ పదికి పది. నేను పక్క కుర్చీలోనే ఉన్నా. తలూపి సంతకం పెట్టా.

సాయంత్రం బండి మీద ఇంటికి పోతుంటే పానగల్ దగ్గర ఆ మూడు లైన్లు మళ్లీ గుర్తొచ్చి బండి పక్కకు ఆపుకున్నా. వంద కోట్లను వంద కోట్లతో గుణిస్తే 1 పక్కన పద్దెనిమిది సున్నాలు, అంటే పంతొమ్మిది అంకెల సంఖ్య. ప్రశ్నలో ఉన్నది పద్దెనిమిది అంకెలది. నాలుగు డిగ్రీల కాగితాలు గోడకు తగిలించుకున్న నాకు ఇది తట్టడానికి రోడ్డు పక్కన నిలబడాల్సి వచ్చింది.

అసలు ఏం జరిగిందో చెబుతా, కొత్తగా ల్యాబ్ చెప్పేవాళ్లకు పనికొస్తుంది. పైథాన్‌లో పూర్ణ సంఖ్య ఎంత పెద్దదైనా తప్పు పోకుండా ఉంటుంది, అది నిజం. కానీ మామూలు వర్గమూలం ఫంక్షన్‌కు ఇచ్చిన మరుక్షణం దాన్ని దశాంశ సంఖ్యగా మారుస్తారు, ఆ దశాంశ సంఖ్యలో 53 బిట్ల జాగానే ఉంటుంది, అంటే మన అంకెల్లో పదిహేను, మహా అయితే పదహారు సరిగ్గా నిలుస్తాయి. 1 పక్కన పద్దెనిమిది సున్నాల ప్రాంతంలో ఈ దశాంశ సంఖ్యలు 128కి ఒకటి చొప్పునే ఉంటాయి, మధ్యలో ఉన్నవి ఏదో ఒక పక్కకు ఒరగాల్సిందే. మన పద్దెనిమిది తొమ్మిదులు కాస్తా వర్గమూలం తీయకముందే 1000000000000000000 అయిపోయాయి. ఆ తర్వాత తీసిన వర్గమూలం నూటికి నూరుపాళ్లు కరెక్టే, కాకపోతే అది మనం అడిగిన సంఖ్యది కాదు. మిర్యాలగూడలో వడ్ల లారీ తూచే ధర్మకాంటా మీద ముక్కుపుడక పెట్టి బరువెంత అని అడిగితే కాంటా సున్నా అంటుంది, కాంటాలో లోపమేమీ లేదు, పెట్టినవాడిది లోపం. పూర్ణ సంఖ్యల వర్గమూలానికి పైథాన్‌లో 3.8 వెర్షన్ నుంచి విడిగా ఒక ఫంక్షన్ ఉంది, ఐఎస్‌క్యూఆర్‌టీ అంటారు, మాన్యువల్‌లో వర్గమూలం దానితో కట్టి, వచ్చినదాన్ని తిరిగి వర్గం చేస్తే అసలు సంఖ్యే వస్తుందా అని చూడమంటే ఈ లేఖ రాయాల్సిన పనే ఉండేది కాదు.

అలాగని తేడా వచ్చిన ప్రతిసారీ 'సాఫ్ట్‌వేర్‌లో బగ్' అని అరవమని పిల్లలకు చెప్పొద్దు, అది ఇంకో రోగం. మన దగ్గర బోరు మోటరు నడవకపోతే ఎవరూ ముందే మోటరు గుంజరు కదా. ఫేజులు మూడూ వస్తున్నాయా, ఫ్యూజు కొట్టేసిందా, స్టార్టర్ డబ్బాలో ఏమన్నా కాలిందా, కేబుల్ ఎక్కడన్నా తెగిందా, ఇవన్నీ చూశాకే పైపులు పైకి లాగుతారు, ఎందుకంటే గుంజుడు ఖర్చు ఊరికే రాదు. నంబర్ థియరీ సాఫ్ట్‌వేర్ దగ్గరా అదే వరుస. పారి/జీపీ (పొట్టిగా పారి అనో జీపీ అనో అంటాం) అనే లెక్కల సాఫ్ట్‌వేర్ ఫ్రాన్స్‌లోని బోర్డో యూనివర్సిటీలో ఆన్రీ కోహెన్, ఆయన తోటివాళ్లు 1980ల్లో మొదలుపెట్టింది, ఉచితం, మన ల్యాబుల్లో ఉన్న పాత సిస్టమ్స్ మీద కూడా బాగా నడుస్తుంది, నాకు ఇష్టమైనది కూడా అదే. దాని మీద మా పిల్లలు తెచ్చే ఫిర్యాదులు పది ఉంటే తొమ్మిది ఫ్యూజు దగ్గరే తేలిపోతాయి.

ఒకసారి ఇద్దరు పిల్లలు 'స్టాక్ ఓవర్‌ఫ్లో అంటుంది సార్, సాఫ్ట్‌వేర్ పాడైంది' అని పరుగెత్తుకొచ్చారు. పోయి చూస్తే ఫెర్మా సిద్ధాంతం సరిచూస్తున్నారు: 1000000007 ప్రధాన సంఖ్య కాబట్టి 2ను 1000000006 ఘాతానికి పెంచి 1000000007తో భాగిస్తే శేషం 1 రావాలి. రాసిన తీరు అచ్చం ఈ వాక్యం లాగే ఉంది, ముందు ఘాతం, తర్వాత శేషం. అంటే యంత్రాన్ని ముందుగా 30 కోట్ల అంకెలున్న సంఖ్య తయారుచేసి పెట్టమన్నారన్నమాట! దానికి పన్నెండున్నర కోట్ల బైట్ల జాగా కావాలి, జీపీ మొదట్లో తీసుకునే స్టాక్, అంటే లెక్కలకు వాడుకునే మెమరీ, 80 లక్షల బైట్లు. ఒకడు అప్పటికే స్టాక్ పెంచే కమాండ్ వెతుకుతున్నాడు. స్టాక్ పెంచడం కాదురా, 2ను ముందే మాడ్ సంఖ్యగా (1000000007తో భాగించిన శేషంగా) రాసి ఆ తర్వాత ఘాతం వెయ్యండి అన్నా. అడుగడుగునా శేషం తీసుకుంటూ పోతుంది కాబట్టి ముప్పై గుణకారాల చిల్లరలో... సరే, వర్గం చేసేవి, 2తో గుణించేవి కలిపి యాభై అనుకుందాం, రెప్పపాటులో 1 అని వచ్చింది. అప్పుడు వాడి ముఖం చూడాలి.

ఇంకోటి ఆ టోపీ గుర్తు, ^. సేజ్ అని పైథాన్ మీద కట్టిన ఇంకో ఉచిత లెక్కల సాఫ్ట్‌వేర్ ఉంది, దాని విండోలో 2^10 కొడితే 1024 వస్తుంది. అదే లైన్‌ను మామూలు పైథాన్ ఫైల్‌లో పెట్టి నడిపితే 8 వస్తుంది. ఎందుకంటే పైథాన్‌కు ఆ గుర్తు ఘాతం కాదు, బిట్లను పోల్చి చూసే వేరే పని. సేజ్ తన విండోలో టైప్ చేసినదాన్ని లోపల మార్చుకొని పైథాన్‌కు ఇస్తుంది, పైథాన్ ఫైల్‌లో పెడితే మార్చదు. తప్పు మెసేజ్ రాదు, ఎర్ర గీత రాదు, నిశ్శబ్దంగా 8 ఇస్తుంది. ఈ నిశ్శబ్దంగా వచ్చే తప్పులంటేనే నాకు టెన్షన్. గట్టిగా అరిచే తప్పుతో ఏ ప్రమాదమూ లేదు.

నా సంగతి కూడా చెప్పాలి. వర్గ రూపాల (ax² + bxy + cy² లాంటివి) పాఠం చెప్పడానికి సిద్ధమవుతూ, విచక్షణి (అంటే b² − 4ac) 12 ఉన్న రూపాలను కాగితం మీద లెక్కపెట్టా. రెండు తరగతులు వచ్చాయి (x, y మార్చుకుంటూ ఒకదాన్నుంచి ఇంకోదానికి పోగలిగే రూపాలన్నీ ఒక తరగతి), ఒకదాంట్లో x² − 3y², రెండోదాంట్లో దాన్నే గుర్తులు తిప్పిన −x² + 3y². ఇవి రెండూ ఒకటి కావడానికి వీల్లేదు: రెండోది −1 విలువ తీసుకుంటుంది, మొదటిది ఎన్నడూ తీసుకోదు, ఎందుకంటే 4తో భాగించి చూస్తే అది x² + y² లాగే ప్రవర్తిస్తుంది, రెండు వర్గాలు కలిపితే శేషం 3 రాదు. (చూశారా, ఆ అమ్మాయి వాడిన 4 ఇక్కడా పనికొచ్చింది.) ఇంతా చేసి జీపీని వర్గ రూపాల క్లాస్ నంబర్ అని పేరున్న ఫంక్షన్‌తో అడిగితే 1 అంది! దొరికింది బగ్ అనుకున్నా. కాలర్ ఎగరేసుకుంటూ ఇంగ్లీషులో ఒక పేజీ ఫిర్యాదు కూడా రాసుకున్నా. పంపేముందు ఎందుకో మాన్యువల్ తెరిస్తే అక్కడే ఉంది హెచ్చరిక: పేరును బట్టి అపోహ పడొద్దు, ఈ ఫంక్షన్ రూపాల తరగతులను లెక్కించదు, మామూలు క్లాస్ నంబర్ ఇస్తుంది, కొన్ని ధనాత్మక విచక్షణులకు (12 అలాంటిదే) రూపాల తరగతుల సంఖ్య దీనికి రెట్టింపు ఉంటుంది, ఎప్పటినుంచో ఇలాగే ఉంది కాబట్టి పాత ప్రోగ్రాములు చెడకుండా ఇలాగే ఉంచేశాం. నా కాగితమూ కరెక్టే, జీపీ కూడా కరెక్టే, పేరొక్కటే తప్పు. పేరు మార్చలేక బోర్డు పెట్టుకున్నారు పాపం. ఆ ఫిర్యాదు ఇప్పటికీ నా డ్రాఫ్టుల్లోనే ఉంది.

ఇక మూడో రకం ఒకటుంది, పెద్ద క్లాసులు చెప్పేవాళ్లకు ఇదే ముఖ్యం. అటు బగ్ కాదు, ఇటు పూర్తి నిజమూ కాదు. నంబర్ ఫీల్డ్ (భిన్నాలకు √−5 లాంటిది కలిపి పెంచిన సంఖ్యల లోకం) ఒకటి ఇచ్చి క్లాస్ గ్రూప్ (అక్కడ కారణాంకాల విభజన ఒకే తీరుగా ఉండకుండా ఎంత చెడిందో చెప్పేది) అడిగితే జీపీ చప్పున చెబుతుంది, కానీ ఆ జవాబు సాధారణీకరించిన రీమాన్ పరికల్పన (ప్రధాన సంఖ్యల పంపకానికి సంబంధించిన ఒక పెద్ద ఊహ) నిజమైతేనే దానికి గ్యారంటీ. ఆ పరికల్పన ఇప్పటిదాకా ఎవరూ నిరూపించలేదు. ఏ షరతూ లేని జవాబు కావాలంటే దాని తర్వాత సర్టిఫై చేసే ఫంక్షన్ విడిగా నడపాలి, దానికి ఒక్కోసారి చాలా సేపు పడుతుంది. సేజ్ మాత్రం మామూలుగా అడిగితే ఆ సర్టిఫికెట్ తనే తీసుకొని మరీ జవాబిస్తుంది. మా పిల్లలు 'జీపీలో సెకండ్లో వచ్చింది, సేజ్ హ్యాంగ్ అయింది సార్' అంటారు, హ్యాంగ్ కాలేదు, ఒకటి మాట మీద చెబుతోంది, ఇంకోటి కాగితం చూసి చెబుతోంది. పరీక్షలో పిల్లాడు 'రీమాన్ పరికల్పన నిజమనుకుంటే' అని బ్రాకెట్లో రాస్తే అదేదో తప్పించుకునే మాట అనుకొని అర మార్కు కోసినవాళ్లు మనలో ఉన్నారు. ఆ బ్రాకెట్‌కు అదనంగా ఒక మార్కు వెయ్యాలి.

మనలో చాలామంది చేసే ఇంకో పని, 'సేజ్‌లోనూ చూశా, పారిలోనూ చూశా, రెండూ ఒకటే చెప్పాయి' అని కీ మీద టిక్ పెట్టడం. సేజ్ ఇలాంటి లెక్కలు చాలావరకు లోపల పారితోనే చేయిస్తుంది. ఒకే ఇంట్లోంచి ఇద్దర్ని పిలుచుకొచ్చి ఇద్దరు సాక్షులు అన్నట్టు ఉంటుంది అది. వేరే దారిలో వెళ్లి చూడాలి: కారణాంకాలు వచ్చాయా, గుణించి చూడు. వర్గమూలం వచ్చిందా, వర్గం చేసి చూడు. అదీ కుదరకపోతే 4తో, 9తో, 7తో శేషాలు చూడు. పెన్నుతో అయ్యే పని.

నిజమైన బగ్‌లు లేవా అంటే ఉన్నాయి, పెద్ద పెద్దవే ఉన్నాయి. స్పెయిన్‌కు చెందిన దురాన్, పెరెజ్, వరోనా అనే ముగ్గురు గణితవేత్తలు 2014 నవంబర్‌లో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ నోటీసెస్‌లో ఒక వ్యాసం రాశారు. పెద్ద పూర్ణ సంఖ్యలున్న మాత్రికల నిర్ధారకాలను మ్యాథమెటికా అనే సాఫ్ట్‌వేర్ తప్పుగా కడుతోందని, అంతకంటే ఘోరంగా అదే నిర్ధారకాన్ని రెండుసార్లు అడిగితే రెండు వేర్వేరు జవాబులు ఇస్తోందని ఉదాహరణతో సహా చూపించారు. దశాంశాలు లేవు, అన్నీ పూర్ణ సంఖ్యలే, అయినా.

దానికంటే ఇరవై ఏళ్ల ముందుది ఇంకా నచ్చుతుంది నాకు. అమెరికాలో వర్జీనియాలోని లించ్‌బర్గ్ కాలేజీలో థామస్ నైస్లీ అనే ప్రొఫెసర్, మనలాంటి కాలేజీ లెక్కల సారే అనుకోండి, కవల ప్రధాన సంఖ్యల (3, 5 లాగా రెండు తేడాతో ఉండే జంటల) విలోమాలు కూడుతూ, ఆ మొత్తమైన బ్రూన్ స్థిరాంకం లెక్కకడుతున్నాడు. 1994 జూన్‌లో లెక్క తేడా కొట్టింది. 'కంప్యూటర్‌లో బగ్' అని వెంటనే అనలేదాయన. ముందు తన ప్రోగ్రామ్‌ను అనుమానించాడు, తర్వాత కంపైలర్‌ను, తర్వాత మదర్‌బోర్డును, నెలల తరబడి ఒక్కోటీ పక్కన పెట్టుకుంటూ వచ్చి చివరికి తప్పును 824633702441, 824633702443 అనే ఒక్క కవల జంట దగ్గర పట్టుకున్నాడు. మిగిలింది ఇంటెల్ కంపెనీ పెంటియం చిప్పే. అక్టోబర్ 30న ఈమెయిల్‌లో నలుగురికీ చెప్పాడు. 4195835ను 3145727తో భాగిస్తే 1.33382 రావాల్సిన చోట ఆ చిప్ 1.33374 ఇస్తోందని తర్వాత అందరూ ఇళ్లల్లో చేసి చూసుకున్నారు. చిప్‌లు మార్చివ్వడానికి ఇంటెల్‌కు 47.5 కోట్ల డాలర్ల భారం పడింది. నైస్లీ మన ల్యాబ్‌లో పరీక్ష రాసి ఉంటే పదికి నాలుగు, ఫలితం సరిపోలేదు.

అందుకని నా విన్నపం, ఆర్డర్ అనుకున్నా పర్వాలేదు. కీ తయారుచేసేటప్పుడు ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెర్షన్, ఏమి టైప్ చేశారో కీ మీదే రాయండి, ఆ జవాబును ఇంకో దారిలో ఒక్కసారి సరిచూడండి. పిల్లల అవుట్‌పుట్ కీతో కలవకపోతే ఎర్ర పెన్ను తీయకముందు అదే సిస్టమ్ దగ్గరికెళ్లి అదే లైన్ మీరు కొట్టండి, రెండు నిమిషాల పని, చాయ్ చల్లారదు. ప్రోగ్రామ్ పెద్దదైతే తప్పు నిలిచి ఉన్నంతవరకు సగం సగం తీసేసుకుంటూ పోయి ఎంత చిన్న లైన్‌లో అదే తప్పు వస్తుందో చూపించమనండి, బోర్డోలో ఉన్నవాళ్లకైనా ఇంకెవరికైనా పంపాల్సింది ఆ చిన్న లైనే, మన అరవై లైన్లు ఎవరూ చదవరు.

వచ్చే ఏడు నుంచి ప్రాక్టికల్‌లో ఒక ప్రశ్న తప్పు ప్రోగ్రామ్ మీదే పెడదాం. నా దగ్గర ఒకటి సిద్ధంగా ఉంది: 2, 3, 5, 7 అనే నాలుగు ఆధారాలతో (పరీక్షకు ఎంచుకున్న సంఖ్యలతో) మిల్లర్-రాబిన్ పరీక్ష చేసి ప్రధాన సంఖ్యో కాదో చెప్పే ప్రోగ్రామ్ ఇచ్చి, 3215031751 మీద నడపమనాలి. నాలుగు ఆధారాలూ 'ప్రధానమే' అంటాయి. అది 151 × 751 × 28351. కాలిక్యులేటర్‌తో గుణించి చూసుకోండి. 2500 కోట్ల లోపు ఈ నలుగురినీ మోసం చేసే సంయుక్త సంఖ్య ఇదొక్కటే. దీనికి కీలో అవుట్‌పుట్ ఉండదు, పిల్ల ఎందుకు నమ్మలేదో రాస్తే మార్కులు.

ఇక ఆ అమ్మాయి సంగతి. మార్కుల లిస్టు అప్పుడే పైకి వెళ్లిపోయింది. తప్పు నాదని ఒప్పుకుంటూ, ఆరు మార్కులు కలపమని ఇంటర్నల్‌గా నా సంతకంతో ఉత్తరం ఇచ్చా, ఎక్స్‌టర్నల్ సంతకం కూడా ఉంటే తప్ప చూడం అన్నారు. ఆ ఎక్స్‌టర్నల్ గారు ఇది చదువుతుంటే, సార్, ఫోన్‌లో మీరు 'కంప్యూటర్ తప్పు చెబుతుందా' అన్నారు కదా, ఒక్కసారి ఆ నాలుగు లైన్లు మళ్లీ నడపండి. ఈసారి చివరి 9 తీసి 8 పెట్టండి. అదీ వర్గమే అంటుంది. 7 పెట్టండి, అదీ వర్గమే. వంద కోట్ల వర్గానికి 64 కింది నుంచి 64 పైదాకా వరుసగా 129 సంఖ్యలు ఇవ్వండి, అన్నిటినీ వర్గమే అంటుంది. వంద కోట్ల వర్గం తర్వాత వచ్చే వర్గం 200 కోట్ల 1 దూరంలో ఉందని మీకూ నాకూ తెలుసు. నేను నిన్న మొత్తం 129 నడిపి, ప్రింట్ తీసి, ఆ అమ్మాయికి చూపించా. పైనుంచి కింది దాకా చూసి, "మరి నా మార్కులు సార్?" అంది.

ఉత్తరం మీద మీ సంతకానికి జాగా వదిలిపెట్టా. ఎప్పుడు రమ్మంటే అప్పుడు నేనే తెస్తా.

ఇట్లు,
నల్గొండ నుంచి ఒక లెక్కల సారు